అవ్వను కింద దించిన ఏకాదశి

అది మొదలైంది ఒక మంగళవారం, పొద్దున ఆరుంబావుకు. వికారాబాద్ నుంచి వచ్చే మొదటి బస్సు చేవెళ్ల అంగడి మలుపు దగ్గర హారన్ కొట్టే వేళ. ఆ బస్సుకూ మా గోడగడియారానికీ తేడా వస్తే మా బాపు బస్సునే తిట్టేవాడు. ఆ హారన్‌కు నేను కళ్లు తెరిచేసరికి పక్కన అవ్వ లేదు. మంచం దిగి, నేల మీద కూర్చొని, మంచం పట్టెను రెండు చేతులతో పట్టుకొని ఉంది. నోరు తెరిచి ఉంది. గొంతులోంచి తడి గుడ్డను పిండుతున్నట్టు సన్నటి చప్పుడు వస్తోంది.

"అవ్వా, ఏమైంది?" అన్నాను.

ఆమె చూపుడు వేలు ఒకటి పైకెత్తింది. ఆగు, ఊపిరి రానియ్యి, అని. నేను ఆగాను. చాలాసేపటికి మాట వచ్చింది. "ఏం లేదు బిడ్డా. దమ్ము అడ్డం వడ్డది. మీ బాపుకు చెప్పకు."

బాపు అంటే నాన్న, ఆయన తల్లిని మేము అవ్వ అనేవాళ్లం. నాకప్పుడు తొమ్మిదేళ్లు.

ఇంత కాలానికి ఇది రాయడానికి కారణం మొన్న మొయినాబాద్‌లో మా వీధి చివరి దవాఖానలో డాక్టరు అడిగిన ఒక ప్రశ్న. నా వీపు మీద గొట్టం పెట్టి విని, బల్ల దగ్గరికి వెళ్లి కూర్చొని, "అమ్మా, రాత్రి ఎన్ని మెత్తలు పెట్టుకొని పండుకుంటున్నరు?" అన్నాడు.

"మూడు" అన్నాను.

"ఎప్పటి సంది?"

"దసరా దాకా ఒకటి. కార్తీకంలో రెండు. పుష్యం నుంచి మూడు."

అతను కలం ఆపి నావైపు చూశాడు. "లెక్క మంచిగ చెప్తున్నరు. కని ఈ లెక్క ఇంక పెరగొద్దు. పండుకుంటే నీరు ఊపిరితిత్తుల దిక్కు ఎక్కుతది, కూసుంటే దిగుతది. గుండె పరీక్ష చేపియ్యాలె."

ఇంకేదో అడగబోయాడు. మెట్లెక్కి వచ్చిన ఆయాసం నాకింకా తీరలేదు. నాకు తెలియకుండానే నా చూపుడు వేలు పైకి లేచింది. ఆ వేలు చూసుకున్నాను. అది మా అవ్వ వేలు.

మా ఇల్లు చేవెళ్ల అంగట్లో ఉండేది. ముందు కిరాణా దుకాణం, వెనక వంటిల్లు, బావి, మధ్యలో కిటికీ లేని ఒక అర్ర. దుకాణంలో బెల్లం దిమ్మెలు గోనె సంచుల మీద పేర్చి ఉండేవి. వేలు నోట్లో తడిపి దిమ్మె అంచు మీద రుద్ది నాకడం నా విద్య. దిమ్మె తరగకుండా నోరు తీపి చేసుకోవడం ఎట్లాగో నాకు తెలిసినంతగా మా అన్నకు తెలియదు, అందుకే వాడు దొరికిపోయేవాడు. చింతపండు గింజలు తీసే పని అవ్వదీ నాదీ. తీసిన గింజలు ఆటకు దాచుకునేదాన్ని.

మాఘం రాగానే మిరపకాయలు వచ్చేవి. సురంగల్ నుంచి, అజీజ్‌నగర్ నుంచి, ఇంకా లోపలి ఊళ్ల నుంచి బండ్లు తెల్లవారకముందే వచ్చి మా దుకాణం ముందు నిలబడేవి. కాయలు అర్రలో కప్పు దాకా పోసేవారు. ఆ నెలలంతా ఇంట్లో అందరం తుమ్ముతూనే ఉండేవాళ్లం. "మిరపకాయలకు తుమ్మకపోతే వాడు మన ఇంటోడు గాదు" అని బాపు నవ్వేవాడు. ఎండుమిర్చి ఘాటు, బెల్లం, కిరసనాయిలు, గోనెల పాత దుమ్ము, ఈ నాలుగూ కలిసిన వాసన నాకు ఈ రోజుకీ ఇల్లంటే గుర్తొచ్చే వాసన. ఆ వాసనే అవ్వ గొంతు పట్టుకుంటోందని మాలో ఎవరికీ తట్టలేదు. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి పీల్చే గాలి మనిషికి ఎదురు తిరుగుతుందని ఎవరనుకుంటారు.

దుకాణంలో బాపు తూకం చూసేవాడు, గల్లాపెట్టె అవ్వ చూసేది. టేకు పెట్టె, ఇత్తడి పట్టీలు, పైన నాణేలు వేసే సందు. గద్దె మీద బాసింపట్టు వేసుకొని కూర్చుంటే పెట్టె ఆమె రొమ్ముల ఎత్తుకు వచ్చేది. ఆ మంగళవారం తర్వాత అవ్వ ఒక సంగతి కనిపెట్టింది. రెండు మోచేతులూ పెట్టె మీద ఆనించి, అరచేతుల్లో గడ్డం పెట్టుకొని, ముందుకు వాలితే ఊపిరి ఆడుతుంది. అలా వాలినప్పుడు భుజాలు చెవుల దాకా లేచేవి, మెడ దగ్గర గుంటలు పడేవి. కాసేపటికి గొంతులో చప్పుడు సన్నబడి, ఆగేది. నేను చింతపండు చాట ముందు పెట్టుకొని ఆ చప్పుడు వింటూ ఉండేదాన్ని. ఆగినప్పుడు నాకూ ఊపిరి వచ్చేది.

ఒకరోజు సురంగల్ రైతు ఒకాయన తూకానికి వచ్చి నవ్వాడు. "ఏంది సావుకారమ్మా, పెట్టెను గిట్ల కావలించుకున్నవ్. మేమేమన్న ఎత్కపోతమా?"

అవ్వ వేలు ఎత్తి, ఊపిరి పీల్చుకొని, "పైసలు వోతే వొయినయ్ కొడుకా" అంది. "నా దమ్ము వోకుంట పట్టుకున్న."

ఫాల్గుణం రాగానే మా మేనత్త శంకర్‌పల్లి నుంచి వచ్చింది. అవ్వకు పెద్ద కూతురు. పొడుగు మనిషి, నడిస్తే నేల అదిరేది. ఆమె వస్తే ఇంట్లో మా అమ్మ గొంతు ఇంకా తగ్గిపోయేది. కోడలిగా వచ్చినప్పటి నుంచి అమ్మ ఆమెకు ఎదురు చెప్పింది లేదట. మేనత్త చెప్పులు విప్పకముందే దుకాణంలోకి తొంగి చూసి ఆగిపోయింది.

"అదేం కూసునుడే అమ్మా" అంది. "గల్లాపెట్టె మీద మోచేతులు. లచ్చిమి నెత్తిన బరువు వెడ్తరా ఎవలన్న?"

"దమ్ము ఆడ్తలేదు బిడ్డా. గిట్ల కూసుంటె జర ఆరామున్నది."

"చేతుల గడ్డం వెట్టుకొని గల్లా ముందర కూసుంటె బజారు ఏమనుకుంటది? దివాలా తీసిన్రు అనుకుంటది." తర్వాత తమ్ముడి వైపు తిరిగింది. "ఏరా, నీకు కండ్లు లేవా? మిరపకాయల బండ్లు వచ్చే దినాలల్ల గిది జూస్తే బండి ఎద్దులు గూడ పక్క దుకాణం దిక్కు తిరుగుతయ్."

ఇది ఆమె కల్పించిన మాట కాదు. మా కోమటి అంగట్లో గల్లా ముందు చేతిలో గడ్డం పెట్టుకొని కూర్చోవడం అంటే అదే అర్థం. అప్పులోళ్లు ఇంటి మీదికి వచ్చిన రోజు షావుకారు అలా కూర్చుంటాడు. మా తాత జ్వరంలో కూడా గల్లా దగ్గర వెన్ను నిటారుగా పెట్టి కూర్చునేవాడని చెప్పుకునేవారు. రైతులు పంట తెచ్చి మా అర్రలో పోసి, సొమ్ము తర్వాత తీసుకునేది మా మీది నమ్మకంతోనే. ఆ నమ్మకం ఒక ముసలమ్మ మోచేతుల కింద నలిగిపోతుందని బాపుకు నిజంగానే భయం వేసింది. అతను చెడ్డ కొడుకు కాదు. తల్లిని ఆరామ్ చెయ్యనిద్దామనుకున్నాడు.

"అర్రల మంచం వేస్త అమ్మా. మంచిగ పండుకో. పండుకుంటే తగ్గుతది" అన్నాడు.

పండుకుంటే తగ్గుతుంది. ఆ ఇంట్లో ఏ జబ్బుకైనా మొదటి మందు అదే. జ్వరమొస్తే పండుకో, కాలు బెణికితే పండుకో. మిరపకాయల కుప్ప పక్కన, కిటికీ లేని అర్రలో, అవ్వకు మంచం వేశారు. ఎత్తు మెత్త పెడితే మెడ వంగి దమ్ము ఆగుతుందని మేనత్త తలకింద మెత్త కూడా తీసేసింది. ప్రేమతోనే తీసింది. పక్కన కూర్చొని కాళ్లు పిసికింది, నెత్తికి ఆముదం పెట్టింది. అవ్వ లేవబోతే భుజాలు పట్టుకొని మళ్లీ పడుకోబెట్టింది. "ఊకె లేవకు. లేస్తేనే గదా ఆయాసం వస్తున్నది."

పడుకున్న ప్రతిసారీ ఆ చప్పుడు పెద్దదయ్యేది. నేను దర్వాజ పక్కన కూర్చొని వినేదాన్ని. తడి గుడ్డ చప్పుడు పోయి, రంపం చప్పుడు వచ్చింది.

మేనత్త స్నానానికి పోయిన వేళ చూసి నేను లోపలికి దూరేదాన్ని. అవ్వ వెంటనే లేచి కూర్చునేది. ఆనడానికి ఏమీ లేదు. ఒకసారి గంప బోర్లించి పెట్టాను. బరువుకు గంప కుంగింది. అప్పుడు నేను మంచం కోడు దగ్గర మోకాళ్ల మీద కూర్చొని, చేతులు నేలకు ఆనించి, వీపు చాపాను.

"నేనే పెట్టెనైత అవ్వా."

ఆమె మంచం అంచు మీదికి జరిగి, కాళ్లు కిందికి వేసి, మోచేతులు నా వీపు మీద పెట్టింది. తల చేతుల మీద వాల్చింది. ఆమె ఊపిరి నా మెడ మీద తగిలేది, ధనియాల కషాయం వాసనతో, వేడిగా. ఒక ఊపిరికీ ఇంకో ఊపిరికీ మధ్య ఏమీ తగలని కాసేపు ఉండేది. నా భయమంతా ఆ కాసేపులో ఉండేది. తర్వాత మళ్లీ మెడ మీద వేడి. నెమ్మదిగా రంపం ఆగేది.

"పెట్టె మంచిగనే ఉన్నది" అనేది అవ్వ, మాట వచ్చాక. "కని బెల్లం వాసన వస్తున్నదేందే?"

నేను నవ్వితే ఆమె మోచేతులు కదిలేవి. "నవ్వకు. పెట్టెలు నవ్వయ్."

రెండో మూడో రోజున మేనత్తకు దొరికిపోయాము. "ఆడపిల్లవు, గొడ్డు తీర్గ వంగి, దాని మీద ముసల్ది ఎక్కి. ఇదేం ఆటనే" అని నా చెయ్యి పట్టుకొని ముందు వాకిట్లో మిరపకాయల తొడిమెలు తీయడానికి కూర్చోబెట్టింది. అర్ర దర్వాజ దగ్గరికి పోతే కాళ్లు విరగ్గొడతానంది.

ఫాల్గుణ శుద్ధ ఏకాదశి గురువారం వచ్చింది. పెద్దవాళ్లంతా ఉపవాసం. పొయ్యి వెలగలేదు. మధ్యాహ్నానికి అవ్వ పెదవులు నేరేడు పండు తిన్నట్టు అయ్యాయి. గోళ్లు కూడా. కళ్లు తెరిచే ఉన్నాయి, కానీ పిలిస్తే తిరగలేదు. హైదరాబాద్ పెద్ద దవాఖానకు తీసుకుపోదామని బాపు అన్నాడు. బస్సు సాయంత్రం దాకా లేదు.

"బస్సుల పానం పోతే దిక్కులేనిదైతది" అంది మేనత్త.  "ఇయ్యాల ఏకాదశి. గిసువంటి దినం అందరికీ దొరుకదు. మంచం మీద పోనియ్యకురా. కింద దించుదాం."

మంచం మీద ప్రాణం పోకూడదు, నేల మీద పోవాలి. అది మా ఇళ్లల్లో కొడుకు తల్లికి చేసే ఆఖరి సేవ. అర్రలో నేల అలికారు. నువ్వులు చల్లారు. దక్షిణం వైపు తల పెట్టి, మెత్త లేకుండా, అవ్వను వెల్లకిలా పడుకోబెట్టారు. కాళ్లు చాచి, మోకాళ్లు దగ్గరగా చేర్చారు. చేతులు పక్కలకు సర్దారు. గోడగడియారం మూడు కొట్టి పది నిమిషాలయింది. నేను దర్వాజలో నిలబడి చూశాను, ఎవరూ నన్ను పొమ్మనలేదు.  బాపు తులసి నీళ్లు ఆమె నోట్లో పోశాడు. నీళ్లు మింగుడుపడక పెదవుల పక్కనుంచి కారిపోయాయి. ఆమె కడుపు లోపలికీ బయటికీ కొట్టుకుంటోంది, రొమ్ము మాత్రం లేవడం లేదు.

అప్పుడు అవ్వ కుడి చెయ్యి నేల మీద నుంచి కొంచెం లేచింది. చూపుడు వేలు పైకి నిలబడింది.

మేనత్త రెండు చేతులూ జోడించింది. "సూడుండ్రి. అమ్మకు దారి కనవడ్డది. పైకి చూపిస్తున్నది."

బాపు ఏడ్చాడు. నేను అమ్మ కొంగు పట్టుకొని లాగాను.  "అమ్మా, పైకి గాదు. ఆగు అంటున్నది. ఊపిరి రానియ్యి అంటున్నది. నాకు గట్లనే చూపిస్తది."

అమ్మ నా మొహం చూసింది. తర్వాత అవ్వ వేలు చూసింది. 

బాపు చుట్టాలకు కబురు పంపడానికి దుకాణంలోకి పోయాడు. మేనత్త మడి కట్టుకోవడానికి బావి దగ్గరికి పోయింది. అర్రలో అమ్మ, నేను, అవ్వ మిగిలాం. అమ్మ లేచి వెళ్లి దర్వాజ మూసి గొళ్లెం పెట్టింది. చీకటయింది, నూనె దీపం ఒక్కటే ఉంది. ఆ గొళ్లెం ఇనుప చప్పుడు నాకు ఇప్పటికీ వినిపిస్తుంది.

"రావే" అంది. "చేతులు వట్టుకో. గుంజు."

అమ్మ వెనక నుంచి చంకల కింద చేతులు వేసి ఎత్తింది. నేను ముందు నుంచి లాగాను. అవ్వ తల పక్కకు వాలిపోయింది. ఆమె అంత బరువుంటుందని నేను అనుకోలేదు, ఎండిపోయిన మనిషి. కూర్చోబెట్టాం. నేను ఆమె ముందు మోకాళ్ల మీద వంగి పెట్టెనయ్యాను. అమ్మ ఆమె మోచేతులు నా వీపు మీదికి చేర్చి, తల వాల్చి, నడుము పట్టుకుంది.

నా మెడ మీద ఏమీ తగలలేదు.

తలుపు మీద దెబ్బలు మొదలయ్యాయి. "ఎవలు గొళ్లెం వెట్టింది? తియ్యే. ఏం చేస్తున్నవే మా అమ్మను?" మేనత్త గొంతు. అమ్మ పట్టు వదలలేదు. "కూసోవెట్టినవా? కూసోని పోతె మనిషి వంగిపోతది, చితి మీద సక్కగ పండదు. నీకు పుణ్యముంటది, తియ్యే." తర్వాత బాపు గొంతు, తర్వాత ఇంకెవరివో గొంతులు. తలుపు కదులుతోంది. నా మెడ మీద ఇంకా ఏమీ తగలడం లేదు. మేమే చంపేశామనుకున్నాను. నేల మీద మంచిగా పోవాల్సిన మనిషిని, ఏకాదశి నాడు, పుణ్యం దక్కకుండా చేసి, చీకట్లో చంపేశాం. 

అప్పుడు తగిలింది. సన్నగా, వేడిగా. మళ్లీ ఏమీ లేదు. మళ్లీ తగిలింది. ఆ తర్వాత ఒక పెద్ద దగ్గు వచ్చి, అవ్వ ఒళ్లంతా ఎగిరి, నా జాకెట్ వీపంతా తడిసిపోయింది. చిక్కగా, జిగటగా. అంత అసహ్యమైనదానికి అంత సంతోషించడం నా బతుకులో మళ్లీ జరగలేదు.

అమ్మ గొళ్లెం తీసింది దీపాలు పెట్టే వేళకు. మేనత్త తడి చీరతో గడపలో నిలబడి ఉంది. లోపల అవ్వ నా వీపు మీద మోచేతులు పెట్టుకొని కూర్చొని ఉంది. పెదవులు ఇంకా నల్లగానే ఉన్నాయి, కానీ చూపు మనుషుల వైపు తిరిగింది.

"బెల్లం ముక్క ఉంటె ఇయ్యుండ్రి" అంది.

మేనత్త నోటి నుంచి ముందుగా వచ్చిన మాట, "ఏకాదశి గదనే అమ్మా."

అవ్వ వేలు ఎత్తింది. అందరం ఆగాం. "దించినోళ్లు దించిన్రు. ఎత్తినోళ్లు ఎత్తిన్రు. నడుమ నాకేం ఉపాసమే?"

మేనత్త గోడకు ఆనుకొని కిందికి జారి కూర్చుంది. కొంగు నోట్లో కుక్కుకొని ఏడ్చింది. "సావు గూడ సక్కగ చెయ్యనియ్యకపోతివి" అంటూనే లేచి పోయి, బెల్లం దిమ్మె నుంచి పెద్ద ముక్క పగలగొట్టి తెచ్చింది. సగం అవ్వకు పెట్టి, సగం నా చేతిలో పెట్టింది. అమ్మ వైపు చూడలేదు. ఉగాది దాకా అమ్మతో మాట్లాడలేదు. ఉగాది రోజున తానే పచ్చడి గిన్నె తెచ్చి అమ్మ ముందు పెట్టింది.

ఆ రాత్రే బాపు గల్లాపెట్టె మోసుకొచ్చి వెనక వసారాలో, గాలి వచ్చే చోట, అవ్వ ముందు పెట్టాడు. లోపలి సొమ్ము ఖాళీ చేశాడు. దుకాణంలోకి రేకు పెట్టె వచ్చింది. అవ్వ పక్క మీద పడుకోవడం కూడా మానేసింది. పెట్టె మీద గోనె మడత, దాని మీద మోచేతులు, చేతుల మీద తల. అదే ఆమె పక్క. మిరపకాయల నెలలు దాటాక చప్పుడు చాలా తగ్గింది.

ఊళ్లో కొందరు ఆడవాళ్లు మా ఇంటికి రావడం కొన్నాళ్లు మానేశారు. కింద దించాక లేచిన మనిషి అని భయం. బడిలో పిల్లలు నన్ను అడిగేవాళ్లు, మీ అవ్వ పైన ఏం చూసింది అని. నేను అవ్వనే అడిగాను.

"ఏం జూస్త బిడ్డా. మిరపకాయల కుప్ప చూసిన."

తర్వాత ఆమె ఆరేళ్లు బతికింది. ఒక మామూలు బుధవారం పొద్దున, పెట్టె మీద తల పెట్టుకొనే పోయింది. నేను లేను, బడికి పోయాను. ఆ రోజు అమ్మ ఎవరినీ తొందరపడనివ్వలేదట. చాలాసేపు పక్కన కూర్చొని, ముక్కు దగ్గర చెయ్యి పెట్టి చూసి, అప్పుడు కింద దించమందట.

పెళ్లయి పిల్లలు పుట్టాక ఒకసారి అమ్మను అడిగాను, ఆ రోజు భయం కాలేదా అని.

"అయింది" అంది అమ్మ, పప్పు చెరుగుతూ. "గొళ్లెం వెట్టినంక ఇంక ఎక్కువైంది."

ఇప్పుడు నేను మొయినాబాద్‌లో కొడుకు ఇంట్లో ఉన్నాను, రెండో అంతస్తు. మా మిరపకాయల బండ్లు వచ్చిన దారి మీద రిసార్టుల బోర్డులు ఉన్నాయి. అజీజ్‌నగర్ చేలలో ఫామ్‌హౌస్ గోడలు లేచాయి. ఒకప్పుడు మాకు మిరప తెచ్చిన ఇళ్ల మనుషులు ఆ గేట్ల దగ్గర వాచ్‌మన్లు. నా మనవరాలు సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తుంది. కంపెనీ కారు రోడ్డు మీదికి వచ్చి ఎక్కించుకుపోతుంది. ఇంటికొచ్చాక కూడా మంచం మీద చిన్న మడత బల్ల వేసుకొని, దాని మీద లాప్‌టాప్ పెట్టి, పొద్దుపోయేదాకా పని చేస్తుంది. వెన్ను విల్లులా వంగి, కడుపు మడతపడి, గడ్డం ముందుకు చాచి ఉంటుంది. దాని ఊపిరి గొంతు దాటి లోపలికి పోదు. నేను పక్క మంచం మీద వింటూనే ఉంటాను. మాటిమాటికీ పెద్దగా నిట్టూరుస్తుంది, తనకే తెలియదు. అవ్వ కూడా వంగే కూర్చునేది. కానీ అవ్వ వెన్ను వాలేది, కుంగేది కాదు. బరువంతా మోచేతులు మోసేవి, రొమ్ము ఖాళీగా ఉండేది. వంగడం వేరు, ఆనడం వేరు. ఇది దానికి చెప్పాను. నిటారుగా కూర్చుంది, కాసేపు.

డాక్టరు దగ్గరి నుంచి వచ్చిన రోజు దానికి ఈ కథంతా చెప్పాను. నాకు జబ్బు భయం లేదు. చెబితే నవ్వుతారేమో, కానీ నా భయం ఒక్కటే. మాట రాని వేళ వస్తుంది. నేను వేలు ఎత్తుతాను. ఎవరో ప్రేమగా, నా మేలు కోరి, నన్ను వెల్లకిలా పడుకోబెడతారు. నా కొడుకైనా కావచ్చు, అంబులెన్సు వాళ్లైనా కావచ్చు.

మనవరాలు నవ్వలేదు. లాప్‌టాప్ పక్కన పెట్టి, మడత బల్ల తెచ్చి నా మంచం మీద పెట్టింది. దాని మీద మెత్త వేసింది. "ఆను నానమ్మా. ఎత్తు సరిపోయిందా చూడు."

మోచేతులు ఆనించి చూశాను. సరిపోయింది. కొంచెం ఊగుతుంది.

"గొళ్లెం గూడ వెట్టాల్నా?" అంది.

"ఈ తలుపులకు గొళ్లాలు ఏడున్నయే?"

అది లేచి పోయి తలుపు వెనక చూసింది. గుండ్రటి పిడి తిప్పింది, మధ్యలో మీట నొక్కింది. బయటి నుంచి తాళంచెవితో ఎవరైనా తీయగలరు. తిరిగి వచ్చి నా మంచం అంచు మీద కూర్చుంది. "అయితే నేనే అడ్డం నిలవడ్త" అంది.

ఆ రాత్రి నుంచి నేను ఆ బల్ల మీద వాలి నిద్రపోతున్నాను. నిద్ర పడుతుంది, భయం పోలేదు. అది తన మంచం మీదికి పోకుండా నా పక్కనే పని చేసుకుంటోంది, ఒళ్లో మెత్త పెట్టుకొని, దాని మీద లాప్‌టాప్ పెట్టుకొని.

పోయినవాటి లెక్క ఇది. రోడ్డు వెడల్పు చేసినప్పుడు దుకాణం పోయింది. దానితో అర్ర, వసారా పోయాయి. దర్వాజ, గొళ్లెంతో సహా, పాత కలప కొనేవాళ్లు తీసుకుపోయారు. గల్లాపెట్టె చెదలు తిన్నది. మిరప చేలు పోయాయి. అవ్వ, బాపు, మేనత్త, మా అన్న పోయారు. అమ్మ పోయి పదకొండేళ్లు. దర్వాజనూ గొళ్లాన్నీ ఒకటిగా లెక్కిస్తే మొత్తం పదకొండు, ఏకాదశి లెక్కే.